కొండతోటకు నడిచే పోతున్నాం

ఇయోసెఫో,

మీ అమ్మను పొట్టన పెట్టుకున్నది నీ పికప్పు బండే.

నీ కూతురు పెలెనీసెను తీసుకుని కొండ మీది చేమతోటకు నడిచి పోతున్నాను. బండి వేసుకుని వెనకాలే రావద్దు. ఉడికించిన అరటికాయలు కుండలో ఉన్నాయి.

నువ్వు మతాయివై ఊరి పెద్దల్లో కూర్చున్న రోజు, "పెద్దమనిషి తల్లి కాలినడకన పోతే నా పరువేం కాను? ఎక్కమ్మా" అన్నావు. "నా కాళ్ళకూ పెద్దరికం వచ్చిందిరోయ్" అని నవ్వుతూ ఎక్కింది. ముప్పై ఏళ్ళు రోజూ కొండ ఎక్కి దిగిన మనిషి, ఆపైన చర్చికి కూడా నడవలేదు. తిండి మారలేదు, దాన్ని కరిగించే నడక పోయింది. మూడేళ్ళకు రక్తంలో చక్కెర పేరుకుంది. పాదం తీసేశారు. తర్వాత మనిషే పోయింది. ముందు సీట్లో ఆమె పక్కన నేనూ కూర్చున్నాను, దిగమని అనలేదు.

ఇప్పుడు పదకొండేళ్ళ నీ కూతురి రక్తంలోనూ చక్కెర ఎక్కువైందని నిన్న నర్సు చెప్పింది. బడి కనుచూపు మేరలోనే ఉంది, అయినా బండిలోనే దించుతున్నావు. పొద్దున నడుద్దాం రమ్మంటే, "మతాయి కూతురు నడుస్తుందా తాతా?" అంది. ఈ నడక ఇక పనికొస్తుందన్న ఆశ నాకు లేదు.

ఇంకోమాట. వాకిట్లో మీ అమ్మ సమాధికి ఆనించి బండి నిలపకు. ఈ సంగతి నేనిక జన్మలో ఎత్తను.