బతికే ఉన్నట్టు రుజువు

ఆఫీసు నుంచి,
నవంబరు 14, శుక్రవారం.

ప్రియమైన అక్కకు,

ప్రభువు నిన్నూ బావగారినీ చల్లగా చూడాలని కోరుకుంటూ, ఇరవై రెండేళ్లు నీ పక్క బల్ల దగ్గర కూర్చున్న చెల్లెలు రాస్తున్న ఉత్తరం. ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి ఇప్పుడు ఊడిపడిందేమిటని తిట్టుకుంటావు. తిట్టుకో, పడతాను.

ముందు మంచి కబుర్లు. మన సంఘాల పెన్షను ఆఫీసును చూస్తే నువ్వు గుర్తుపట్టవు. ఇనప బీరువాలు పోయాయి. రిటైరైన పాస్టర్లకూ, పాస్టర్ల భార్యలకూ మందుల కార్డు వారంలో ఇంటికి చేరుతోంది. మన రోజుల్లో మూడు నెలలు పట్టేది. మొన్న మీటింగులో ట్రస్టీలు డైరెక్టరమ్మ అంటూ నన్ను ఆకాశానికెత్తేశారు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

ఎవరు బతికున్నారో తెలుసుకోవడానికి ఏటా నువ్వు ఒక్కొక్కరికీ ఫోను చేసేదానివి. వాళ్ల మోకాళ్ల నొప్పులూ, కోడళ్ల మీద ఫిర్యాదులూ విని, నాలుగు మాటలు ప్రార్థన చేసి, అప్పుడు పేరు పక్కన టిక్కు పెట్టేదానివి. బాతాఖానీ అని నేను వెక్కిరించేదాన్ని. డైరెక్టరునయ్యాక మొదట తీసేసింది దాన్నే. ఫారం పంపుతాం, అరవై రోజుల్లో సంతకంతో తిరిగి రాకపోతే చనిపోయినట్టు కంప్యూటరే రాసుకుంటుంది అన్నాను.

మెట్ల ఇంటి పాస్టరమ్మగారికి చూపు పోయిందని నీకు తెలుసు గాని ఏ కాగితంలోనూ లేదు. ఫారం ఆమె గుమ్మంలోనే పడి ఉంది. మందుల కార్డు ఆగిపోతే, పక్కింటి టైలరు చేత నంబరు నొక్కించుకుని ఫోను చేసింది. "రికార్డులో మీరు చనిపోయారండి. బతికున్నట్టు రుజువు పంపండి," అని ఆఫీసులో ఎవరో ఆడమనిషి చెప్పిందట. ఆమె గొడవ చేయలేదు. అలాగేనమ్మా అని పెట్టేసిందట. గుండె మాత్రలు లేకుండా నలభై రోజులు గడిపి కన్నుమూసింది.

ఆ ఫోను ఎత్తిందెవరని ట్రస్టీలు పిలిచి అడిగినప్పుడు నువ్వు చాలాసేపు ఆలోచించావు. రోజుకు యాభై ఫోన్లు ఎత్తుతాను, గొంతు గుర్తుపట్టలేకపోయానేమో, నేనే అయ్యుంటాను అన్నావు. ఆ సాయంత్రమే సంచి సర్దుకుని వెళ్లిపోయావు. ఇప్పుడు ఇంట్లో ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నావని బావగారు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

నా సంగతీ బాగాలేదు. పాత ఫోన్లన్నీ పీకించేశాం. అయినా పదకొండు కాగానే నీ బల్ల వైపు నుంచి మోగుతుంది. చెయ్యి దానంతటదే అటు సాగుతుంది. చనిపోయారని రాసి ఉన్న పేర్లు చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. తలుపేసుకుని ఆ నంబర్లకు ఒక్కొక్కటిగా ఫోను చేస్తున్నాను. ఎవరూ ఎత్తకపోతే ఒక భయం, ఎత్తితే ఇంకో భయం. ఇప్పటికి ఇద్దరు ఎత్తారు. ఇద్దరూ నన్నే ఓదార్చారు.

సోమవారం నుంచి నీ పద్ధతే మళ్లీ పెడుతున్నాం. నువ్వు వచ్చి కొత్తవాళ్లకు నేర్పాలి. కాదనకు.

నీ మీద బెంగతో,
చెల్లెలు.

తా.క.: ఇది పైన రాయలేకపోయాను. ఆ ఫోను ఎత్తింది నువ్వు కాదక్కా. ఆ రోజు బావగారిని ఆసుపత్రిలో చేర్పించడానికి నువ్వు సెలవు పెట్టావు. ఆ కంగారులో తేదీ నీకు గుర్తులేదు. సెలవు చీటీ మీద సంతకం నాది, అందుకే నాకు గుర్తుంది. పదకొండింటికి నీ బల్ల మీద మోగుతుంటే నేనే ఎత్తాను. నేనే అయ్యుంటాను అని నువ్వు అంటున్నప్పుడు నీ ఎదురుగా కూర్చుని నోరు మెదపలేదు. ఆ చీటీ ఈ పొద్దున ట్రస్టీల చేతికిచ్చాను. సోమవారం నేను ఇక్కడ ఉండకపోవచ్చు, నువ్వు మాత్రం రా. నీ చెవులకు ఏమీ కాలేదు. పక్క బల్ల దగ్గర నీ ఫోను స్పీకరులో ఆమెను అన్నేళ్లు విన్నదాన్ని, ఆమె పేరు చెప్పకముందే గొంతు గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా రుజువు అడిగాను.