ఆకు తిరగేసి చూసిన భీమే

జగదల్‌పూర్

తిరుపతమ్మక్కకు, తమ్ముడు రాఘవులు దండాలు. బంగళా తోటలో నా పని పోలేదు, బెంగపడకు.

గులాబీ ఆకులు ఊదా మచ్చలు పడి రాలుతుంటే, తడి చాలలేదనుకుని సాయంత్రాలు ఆకుల మీద ఇంకా నీళ్లు చల్లించాను. తెగులు ముదిరింది. దొర మొక్కలన్నీ పీకేయమన్నారు. అప్పుడు కూలికి వచ్చే భీమే అనే ఆమె ఒక ఆకు తిరగేసి, "ఇగో, అడుగున బూజు సూడు. నీ నీళ్లకే పెరుగుతున్నది" అంది. ఆమె మాట విని మచ్చల ఆకులు తుంచి కాల్చాం. ఆకులు తడవకుండా పొద్దున పూట మొక్కల మొదళ్లలోనే నీళ్లు పోశాం. నేను తెగులు మందుగా మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి చల్లాను. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి.

ఎవరు కనిపెట్టారని దొర అడిగితే ఆమె పేరే చెప్పాను. ఇరవయ్యేళ్లుగా మొక్కలు పెంచుతున్నా నాకు తట్టలేదక్కా!

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బంతి విత్తనాలు పంపు, భీమే అడిగింది. పిల్లలకు నా దీవెనలు.