చిజురు వేసిన ఆకాశం

కురుసు గారికి,

మీ విదేశీ హక్కుల విభాగం నుంచి జవాబు అందింది. నార్వేలో మన యానిమేషన్ సీరియల్ హక్కులు వేరే కంపెనీకి అమ్మేశామనీ, వాళ్లు చూపించకపోయినా మూడేళ్లదాకా ఇంకెవరూ అక్కడ ఆన్‌లైన్‌లో చూపించడానికి వీల్లేదనీ రాశారు.

చూపించమని అడిగిందెవరో తెలుసా? ఇసొజాకి చిజురు. అందులో ప్రతి ఆకాశమూ ఆవిడ కుంచెతో వేసిందే. పక్క బల్ల దగ్గర కూర్చుని సముద్రాలు వేసినదాన్ని నేను. పెళ్లయి నార్వే వెళ్లిన చిజురుకి ఇప్పుడు చూపు పోతోంది. చలికాలం దాకా నిలవదన్నారు డాక్టర్లు. మూడేళ్లు ఎక్కణ్ణుంచి తేవాలి?

ఫోన్లో మీరేమన్నారు? "దేశం మారితే మేమేం చెయ్యలేమమ్మా, రూలంటే రూలే" అన్నారు. అదే చెబితే చిజురు నవ్వింది. "నా ఆకాశానికి నేనే పరాయిదాన్నయ్యానటే!" అంది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

ఇరవై నాలుగు నిమిషాల ఒక్క భాగం చూడటానికి ఆవిడ విమానమెక్కి వస్తోంది. పదహారో తేదీ మధ్యాహ్నం ఇక్కడ నెరిమాలో మా ఇంట్లో చూస్తుంది. మీరూ వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని, నోటితో క్షమాపణ చెప్పండి. ఉత్తరం రాసి పంపితే కుదరదు. పెద్ద పెద్ద రంగులే తప్ప, ఆవిడకి అక్షరాలు కనబడటం లేదు.

మీ సంస్థలో ముప్పయ్యేళ్లు బొమ్మలు వేసినది