గుర్తింపు కార్డుకు ఫొటో

ఏమండీ,

మీరు పోయారని రైల్వే వర్క్‌షాపులో మీ ఉద్యోగం నాకిచ్చారు. గుర్తింపు కార్డుకు ఫొటో కావాలంటే నిన్న మీ అమ్మగారితో ఖరిదా బజారులో స్టూడియోకి వెళ్ళాను. బోసి నుదురుతో లైట్ల ముందు కూర్చోగానే కళ్ళు మూసేశాను.

“డరో మత్ దీదీ, భయపడకు, ఇటు చూడు,” అన్నాడు ఫొటో తీసే బెంగాలీ దాదా.

“ఉండు దాదా,” అని అత్తయ్య లేచి, తన సంచిలోని కుంకుమ తీసి నా నుదుట దిద్దారు.

“అత్తయ్యా, నలుగురూ ఏమంటారో!”

“నా కొడుకు పనిలోకి ఎల్తన్నావు. ఎవులేటంటారో నాను సూస్తాను.”

నలుపు తెలుపు ఫొటోలో బొట్టు నల్లగా, పెద్దగా పడింది. రేపు ఆ ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకుని మీతో పనిచేసిన వాళ్ళందరి మధ్య నుంచి లోపలికి నడవాలి. అత్తయ్య గేటు దాకానే వస్తారు. ఆ తర్వాత నేనొక్కదాన్నే.