మోకాలి మీద స్టెల్లా వేలు

శుక్రవారం, ఇంట్ల అందరు పడుకున్నంక

కాలేజీల చేరినప్పటి సంది నాకూ స్టెల్లాకూ ఒకటే రూల్. మా ఇద్దరికి పాణమైన రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వస్తే ఒక్కరే వినొద్దు. కార్ఖానా బస్తీల స్టెల్లా వాళ్లు పోయే చర్చి మెట్ల మీద కూసొని, ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకొని, మొదటి పాట నుంచి ఆఖరు దాకా కలిసి వినాలె. ఆల్బమ్ నిన్ననే వచ్చింది. వినకుండ ఎట్ల ఆగిన్నో నాకే ఎరుక.

ఇయ్యాల సాయంత్రం కూసున్నం. మూడో పాటల గిటార్ ఒక్కసారి ఆగిపోయింది. పాట అయిపోయిందనుకున్న. స్టెల్లా వేలు మాత్రం మోకాలి మీద టకటకా కొట్టింది. ఆ వెంటనే డ్రమ్స్ షురూ అయినయి, అచ్చం అట్లనే.

"ముందే విన్నవానే?" అన్న.

"ఛీ, నువ్వు లేకుండ ఎట్ల వింటనే?"

విన్న అని చెప్తే ఏం పోయేది? ఒక పూట అలిగేదాన్ని, అంతే. అది చెప్పకపోగా, తర్వాతి పాటకు కళ్లు మూసుకొని "అబ్బ, ఏం పాటనే!" అన్నది.

పోయిన ఆల్బమ్‌కు సుత ఇట్లనే కళ్లు మూసుకొని ఏడ్చింది. దాన్ని చూసి నేను సుత ఏడ్చిన. అప్పుడన్నా అది మొదటిసారి విన్నదా?