చివరి చరణంలో మునసబు

గురజాల. 1943, మాఘం, శనివారం.

ఇంకా ఒళ్ళు కంపరంగానే ఉంది. వీణ శేషయ్య తన కొత్త కీర్తనను ఈ సాయంత్రం మునసబు గారి అరుగు మీద పాడాడు. పల్లవికే నా కళ్ళు చెమర్చాయి. అతని ప్రతి కీర్తనకూ చివరి చరణంలో దుర్గి గుడిలోని గోపాలుడి పేరే ముద్ర. ఇవాళ అక్కడ మునసబు పేరు వినపడింది!

లేచి నిలబడి అరిచాను. “ఏంది శేషయ్య బావా, గోపాలుడు ఏ ఊరు పోయాడు?”

మునసబు నవ్వాడు. “చానా పాటలున్నాయి గదయ్యా ఆయనకి! ఒకటి నాకిస్తే అలుగుతాడా?”

శేషయ్య తలెత్తలేదు. “కీర్తనలన్నీ అచ్చేయిస్తానన్నారు బావా. రాసుకునే శిష్యుడు కూడా లేడు. నేను పోతే అవీ పోతాయి.”

“ఛీ, పోనీ!” అని వచ్చేశాను.

ముఖస్తుతిని రేపు నేను చెప్పే పురాణంలో చీల్చి చెండాడాలని గ్రంథం తెరిచాను. మొదటి పుటలో నా చేతిరాతే ఉంది: ‘ఈ గ్రంథం మునసబు గారి దానం.’ ఎనిమిదేళ్ళుగా ఆ ముక్క జనానికి గట్టిగా చదివి వినిపించాకే గణపతి ప్రార్థన ఎత్తుకుంటున్నాను. శేషయ్య కనీసం చివరిదాకా ఆగాడు.