మలుపులో అడ్డమొచ్చిన బండి

అన్నా,

మొన్నటి ఎద్దుల బండి పందెంలో తీర్పు చెప్పింది నువ్వే. మలుపులో ఉరుకుందప్ప తన బండిని అడ్డం తిప్పాడని మా ఆయన మొత్తుకుంటే, "సెల్లెలి మొగుడని నీ పక్క సెప్తే ఊరు నవ్వదా?" అని కసిరి, తప్పు ఆయన మీదే వేశావు. ఆ తీర్పు చూసుకుని ఉరుకుందప్ప మనుషులు ఎమ్మిగనూరు దారిలో మా ఆయన కోసం కాపుకాశారు. కట్టెలతో రెండు చేతులూ విరగ్గొట్టారు. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది.

ఇప్పుడు ఫోన్లో ఆ మలుపు వీడియో చూశావట. తీర్పు మార్చి, గెలుపు కప్పు పట్టుకుని ఆదోని ఆసుపత్రికి వస్తావట. రావద్దు. ఆయన నోట్లో ముద్ద నేనే పెడుతున్నాను; నీ కప్పు ఏ చేత్తో అందుకుంటాడు?

ఉగాది పందెంలో పగ్గాలు నేను పడతాను. ఎవడైనా అడ్డమొస్తే, ఈసారి పంచాయితీ నీ దాకా రాదు.

నీ చెల్లెలు